పెట్రార్క్‌ను నిలబెట్టింది ఇంటి భాషే

ఈసారి నేను రాయబోయేది మన పిల్లల్లాగే పరాయి దేశంలో పెరిగిన ఒక కవి గురించి. ఆయన పేరు ఫ్రాంచెస్కో పెట్రార్కా. ఇంగ్లీషులో పెట్రార్క్ అంటారు. హైస్కూల్లో షేక్స్‌పియర్ సానెట్లు చెప్పేటప్పుడు టీచర్లు ఈ పేరు ఒకసారి ప్రస్తావించి ముందుకు వెళ్ళిపోతారు. పద్నాలుగు పాదాల సానెట్‌ను కనిపెట్టింది ఆయన కాదు. కానీ యూరప్ అంతా దాని వెంట పడేలా చేసింది ఆయనే. రినైసాన్స్ కవిత్వం గురించి ఎవరు రాసినా ముందు ఆయన పేరుతోనే మొదలుపెడతారు.

నన్ను ఆకట్టుకున్న సంగతి మాత్రం వేరే ఉంది. ఈయన ఎనిమిదేళ్ళకే ఇటలీ వదిలి వెళ్ళాడు. పేరు తెచ్చుకోవడానికి చదువుకున్నవాళ్ళ భాష లాటిన్‌ను నమ్ముకున్నాడు. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడిన భాషలో రాసినవాటిని చిల్లర రాతలుగా లెక్కగట్టాడు. ఏడు వందల ఏళ్ళు గడిచాక జనం చదువుతున్నది ఎక్కువగా ఆ చిల్లర రాతల్నే. ప్రవాసంలో పిల్లల్ని పెంచుతున్న మనకు ఈ కథ తెలిసి ఉండాలని నాకనిపించింది.

తండ్రి సెర్ పెట్రాకో ఫ్లోరెన్స్ నగరంలో నోటరీ. దస్తావేజులు రాయడం వృత్తి. 1302లో ఫ్లోరెన్స్‌లో రాజకీయాలు తిరగబడ్డాయి. గెలిచిన వర్గం ఓడినవాళ్ళను ఊరి నుంచి వెళ్ళగొట్టి ఆస్తులు లాక్కుంది. ఆ ఏడాది అలా ఊరు విడిచినవాళ్ళలో మహాకవి డాంటే ఉన్నాడు, సెర్ పెట్రాకో ఉన్నాడు. ఇద్దరికీ స్నేహం కూడా. పెట్రాకో, ఆయన భార్య ఎలెట్టా అరెజ్జో పట్టణం చేరారు. 1304 జులై 20న అక్కడే ఫ్రాంచెస్కో పుట్టాడు. అంటే సొంత ఊరు అని చెప్పుకునే ఫ్లోరెన్స్‌ను చూడకుండానే పుట్టిన పిల్లాడు. మూడేళ్ళకు తమ్ముడు గెరార్డో పుట్టాడు.

ఆ రోజుల్లో పోప్ రోమ్‌లో లేడు. పోప్ కొలువు మొత్తం ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లో ఉన్న అవిన్యోన్‌కు మారింది. కొలువు ఎక్కడుంటే నోటరీలకు పని అక్కడ. 1312లో సెర్ పెట్రాకో కుటుంబాన్ని తీసుకుని ఓడ ఎక్కాడు. మార్సెయ్ రేవు దగ్గర తుఫాను పట్టి ఓడ మునిగినంత పనయింది. తీరా అవిన్యోన్ చేరితే ఊరు జనంతో కిక్కిరిసి ఉంది, అద్దెకు ఇల్లు లేదు. ఉద్యోగం కోసం తండ్రి అవిన్యోన్‌లో ఉన్నాడు. తల్లీ పిల్లలూ పాతిక కిలోమీటర్ల దూరంలో కార్పాంత్రా అనే చిన్న ఊళ్ళో సర్దుకున్నారు. ఇలాంటి ఏర్పాటు ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పిల్లాడి చుట్టూ ఎన్ని భాషలున్నాయో చూడండి. వీధిలో, బజారులో ప్రొవాంసాల్. బడిలో, చర్చిలో, కొలువులో లాటిన్. ఇంట్లో మాత్రం ఫ్లోరెన్స్ వైపు మాట్లాడే టస్కన్. లాటిన్ అప్పటికే ఎవరికీ ఇంటి భాష కాదు. కానీ చదువు, ఉద్యోగం, గౌరవం అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. మనకు ఒకప్పుడు సంస్కృతం, ఇప్పుడు ఇంగ్లీషు కలిపితే ఎలా ఉంటుందో వాళ్ళకు లాటిన్ అలా ఉండేది.

లాటిన్ అతని మనసులోకి ఎంత లోతుగా వెళ్ళిందో చెప్పే సంగతి ఒకటి ఉంది. పదిహేనేళ్ళు నిండీ నిండకముందే తల్లి పోయింది. పిల్లాడు ఏడుస్తూ ఒక పద్యం రాశాడు. ఆమె బతికింది 38 ఏళ్ళని 38 పాదాలు రాశాడు. రాసింది తల్లి తనతో మాట్లాడిన భాషలో కాదు, లాటిన్‌లో. దుఃఖానికి తగిన మర్యాద పెద్ద భాషలోనే ఉంటుందని అప్పటికే నేర్చుకున్నాడన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కాసేపు పుస్తకం పక్కన పెట్టాలనిపించింది.

తండ్రి లెక్క మన తండ్రుల లెక్కే. కొడుకు లాయరు కావాలి. పన్నెండేళ్ళకే మోంపెల్లియే పంపాడు, తర్వాత 1320లో బొలోన్యా పంపాడు. పిల్లాడేమో లా పుస్తకాల చాటున వర్జిల్, సిసిరో చదువుతున్నాడు. ఒకసారి తండ్రి వచ్చి, దాచిపెట్టిన ఆ పుస్తకాలన్నీ బయటికి లాగి నిప్పులో వేశాడు. పిల్లాడు బావురుమన్నాడు. తండ్రి మనసు కరిగి, కాలుతున్నవాటిలోంచి రెండు బయటికి తీశాడు. ఒకటి వర్జిల్ కావ్యం, ఇంకొకటి సిసిరో రాసిన అలంకారశాస్త్రం. మొదటిది ఎప్పుడైనా సరదాకి చదువుకొమ్మన్నాడు, రెండోది లా చదువుకు పనికొస్తుందన్నాడు. ఈ సంగతి పెట్రార్క్ ముసలితనంలో తనే రాసుకున్నాడు. మన ఇళ్ళల్లో గిటారు, క్రికెట్ బ్యాట్ అటకెక్కిన సందర్భాలు నేను చూశాను. సెర్ పెట్రాకో మీద నాకు కోపం రాలేదు. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాడు కొడుక్కి స్థిరమైన ఉద్యోగం కోరుకున్నాడు, అంతే.

1326లో తండ్రి పోయాడు. ఫ్రాంచెస్కో లా చదువుకు అక్కడితో స్వస్తి చెప్పి అవిన్యోన్ వచ్చేశాడు. ఇంటిపేరును కూడా లాటిన్‌లో చక్కగా పలికేలా పెట్రార్కా అని మార్చుకున్నాడు.

తర్వాతి ఏడాది, 1327 ఏప్రిల్ 6న, అవిన్యోన్‌లో సెయింట్ క్లేర్ చర్చిలో లారా అనే ఆమెను మొదటిసారి చూశాడు. ఆమె ఎవరన్నది ఇప్పటికీ పండితులు తేల్చలేదు. ఆమెతో ఆయనకు పెళ్ళి లేదు, కాపురం లేదు. ఉన్నదల్లా కవిత్వమే. ఆ కవిత్వం మాత్రం లాటిన్‌లో రాలేదు. ఇంటి భాషలో, టస్కన్‌లో వచ్చింది. తల్లిని లాటిన్‌లో తలుచుకున్నవాడు ప్రేమను తల్లి భాషలో చెప్పాడు.

పొట్టకూటికి 1330లో కార్డినల్ జొవాన్ని కొలొన్నా దగ్గర కొలువులో చేరాడు. పారిస్, ఫ్లాండర్స్, జర్మనీ తిరిగాడు. తిరిగిన చోటల్లా మఠాల్లో పాత పుస్తకాల కోసం వెతికేవాడు. 1333లో లియేజ్ పట్టణంలో సిసిరో చేసిన ఒక ప్రసంగం దొరికింది. కవుల వల్ల సమాజానికి ఏం మేలో చెప్పే ప్రసంగం అది. రాసుకుందామంటే ఊళ్ళో సరైన సిరా లేదు. దొరికిన కాస్తా కుంకుమపువ్వులా పసుపుపచ్చగా ఉందట. 1345లో వెరోనాలో సిసిరో రాసిన ఉత్తరాలు కనబడితే ఆ పెద్ద పుస్తకాన్ని తన చేత్తోనే ఎత్తి రాసుకున్నాడు. చనిపోయి దాదాపు 1,400 ఏళ్ళయిన ఆ సిసిరోకు ఒక ఉత్తరం కూడా రాశాడు. పాత పుస్తకాలను బతికించాలన్న ఈ తపనే తర్వాత రినైసాన్స్‌కు దారి తీసింది.

1336 ఏప్రిల్‌లో తమ్ముడితో కలిసి అవిన్యోన్‌కు దగ్గర్లోని వాంతూ కొండ ఎక్కాడు. ఎత్తు 1,900 మీటర్ల పైమాట. దాని మీద పెద్ద ఉత్తరం రాశాడు. తమ్ముడు నిట్టనిలువుగా ఎక్కేశాడు, తను సులువైన దారులు వెతుక్కుంటూ మళ్ళీ మళ్ళీ కిందికే దిగాల్సి వచ్చింది. ఆ ఉత్తరంలో ఇటలీ వైపు చూసిన చూపు ఉంది. కళ్ళకు ఆనలేదు కానీ మనసుకు కనిపించిందంటాడు. తర్వాతి ఏడాది సోర్గ్ నది పుట్టే వోక్లూజ్ లోయలో చిన్న ఇల్లు తీసుకున్నాడు. అక్కడ ప్రశాంతంగా రాసుకోవడం మొదలుపెట్టాడు.

పేరు కోసం ఆయన పెట్టుకున్న ఆశంతా ఆఫ్రికా అనే లాటిన్ మహాకావ్యం మీద. హానిబల్‌ను ఓడించిన రోమన్ సేనాని స్కిపియో కథ అది. ఆ కావ్యం పూర్తి కాకముందే ఆయనకు పేరొచ్చింది. 1340 సెప్టెంబర్ 1న ఒకే రోజు రెండు ఆహ్వానాలు అందాయి, ఒకటి పారిస్ నుంచి, ఇంకొకటి రోమ్ నుంచి. మహాకవిగా కిరీటం పెడతామని రెండూ పిలిచాయి. ఆయన రోమ్‌ను ఎంచుకున్నాడు. ముందు నేపుల్స్ వెళ్ళి రాజు రాబర్ట్ ఎదుట మూడు రోజులు పరీక్షకు నిలబడ్డాడు. 1341 ఏప్రిల్ 8న రోమ్‌లో కాపిటల్ కొండ మీద లారెల్ ఆకుల కిరీటం పెట్టించుకున్నాడు. దాన్ని సెయింట్ పీటర్స్ చర్చిలో సమర్పించి వచ్చాడు. అప్పటికి వయసు 36.

ఆ సన్మానం వెనక ఉన్నది లాటిన్ కావ్యమే. దాన్ని ఆయన చివరిదాకా పూర్తి చేయలేదు. పోయాక బయటికి వచ్చింది. ఈ రోజు దాన్ని పండితులు తప్ప మామూలు జనం చదవరు.

మరి ఆ చిల్లర రాతల సంగతేమిటి? అవి ఆగలేదు. ఆయన చిత్తుప్రతులు కొన్ని ఇప్పటికీ వాటికన్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటి గురించి చదివినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. కొట్టివేతలు, దిద్దుబాట్లు, పక్కన తేదీ, కొన్ని చోట్ల గంట కూడా. ఈ మాట నచ్చింది, ఇది మళ్ళీ చూడాలి అంటూ తనకు తానే రాసుకున్న గుర్తులు. ఒకచోట భోజనానికి పిలుస్తున్నారని రాసుకుని ఆపేశాడు. తమాషా ఏమిటంటే, పద్యం టస్కన్‌లో, పక్కన రాసుకున్న గుర్తులు లాటిన్‌లో. చివరికి ఆ పద్యాల పుస్తకానికి పెట్టిన పేరు కూడా లాటినే. లోకభాషలో రాసిన తునకలు అని దాని అర్థం. లెక్కలేనివి అని పైకి చెబుతూనే, ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వచ్చేవాడు. మన ఇళ్ళల్లోనూ అంతే కదా. తెలుగు ఏముందిలెండి అని పైకి అంటాం. జ్వరం వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది మాత్రం అదే.

ఆ భాష గురించి ఇంకో మాట. ఆయన టస్కన్ వీధిలో నేర్చుకున్నది కాదు. ఇంట్లో విన్నది, పాత కవుల్లో చదివింది. అందుకే అందులో డాంటేలో కనిపించే బజారు మాటలు, తిట్లు, వంటింటి మాటలు తక్కువ. ఏరుకున్న కొద్ది మాటలతోనే అన్నీ చెబుతాడు. పండితులు దీన్ని ఆయన ప్రత్యేకతగా చెబుతారు. ప్రవాసిగా నాకు ఇది బాగా అర్థమయింది. మన పిల్లల తెలుగు కూడా ఇంటి నాలుగు గోడల మధ్య పెరిగిన తెలుగే. మాటలు తక్కువ. దాన్ని లోటుగా చూసి నవ్వేవాళ్ళు చాలామంది. ఉన్న కొద్ది మాటల్నే శ్రద్ధగా వాడుకుంటే ఏం చేయవచ్చో పెట్రార్క్ చేసి చూపించాడు.

1348లో యూరప్ మీద ప్లేగు పడింది. అప్పుడు ఆయన ఇటలీలో ఉన్నాడు. లారా అవిన్యోన్‌లో ఏప్రిల్ 6న పోయిందన్న కబురు మే 19న పార్మాలో అందింది. మొదట చూసిన తేదీ, పోయిన తేదీ ఒకటే. ఈ సంగతిని తను ఎప్పుడూ దగ్గర ఉంచుకునే వర్జిల్ పుస్తకం మొదటి పేజీల్లో రాసిపెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు మిలాన్‌లోని ఆంబ్రోసియానా లైబ్రరీలో ఉంది. అదే ఏడాది కార్డినల్ కొలొన్నా పోయాడు, స్నేహితులు పోయారు. తమ్ముడు గెరార్డో అప్పటికే సన్యాసం తీసుకున్నాడు. ఆయన మఠంలో 34 మంది పోతే అందరినీ పూడ్చి, ఒక కుక్కతో తనొక్కడే మిగిలాడు.

1350లో రోమ్ వెళుతూ పెట్రార్క్ ఫ్లోరెన్స్‌లో ఆగాడు. తల్లిదండ్రుల ఊరు. అప్పటికి 46 ఏళ్ళు. అక్కడే బొకాచియోను మొదటిసారి కలిశాడు. డెకామెరాన్ రాసిన ఆ కథకుడు బతికినన్నాళ్ళూ ఈయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. మరుసటి ఏడాది ఫ్లోరెన్స్ నగరం బొకాచియో చేతనే కబురు పంపింది. తండ్రి నుంచి లాక్కున్న ఆస్తి తిరిగి ఇస్తాం, కొత్త యూనివర్సిటీలో పదవి ఇస్తాం, వచ్చేయండి అని. పెట్రార్క్ మర్యాదగా మెచ్చుకున్నాడు, వెళ్ళలేదు. ఫ్లోరెన్స్ తన మాట వెనక్కి తీసుకుంది. 1353లో ఫ్రాన్స్ వదిలి ఇటలీకి వచ్చేసినా, స్థిరపడింది ఫ్లోరెన్స్‌కు శత్రువైన మిలాన్‌లో. బొకాచియోకు కోపం వచ్చింది. వెనక్కి వెళ్ళాలా, వద్దా అన్న ప్రశ్న మనకూ ఉంది. ఆయన జవాబు నాకు ఆశ్చర్యం కలిగించింది. ఊరు వద్దనుకున్నాడు కానీ ఆ ఊరి భాషను ఒక్క రోజూ వదల్లేదు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. తల్లులతో పెళ్ళి కాలేదు. కొడుకు జొవాన్నికి పుస్తకాలంటే పడదు. తండ్రి చేతుల్లో తన పుస్తకాలు కాలిపోతుంటే ఏడ్చినవాడే, చదవడం లేదని కొడుకును సతాయించాడు, ఇంట్లోంచి పంపించేశాడు. 1361లో ప్లేగు మళ్ళీ వచ్చినప్పుడు జొవాన్ని 24 ఏళ్ళకే పోయాడు. ఆ వార్త కూడా వర్జిల్ పుస్తకంలోనే రాసుకున్నాడు. ఒక తరం చేసిన పొరపాటును తర్వాతి తరం తిరగేసి చేస్తుందని నేను విన్నాను. ఇక్కడ అది కళ్ళకు కట్టింది. కూతురు ఫ్రాంచెస్కాతో మాత్రం చివరిదాకా ప్రేమగా ఉన్నాడు. ఆమె తన కూతురికి ఎలెట్టా అని పెట్రార్క్ తల్లి పేరు పెట్టింది.

ఆయన చేతికి గ్రీకులో ఉన్న హోమర్ పుస్తకం కూడా వచ్చింది. గ్రీకు నేర్చుకోవాలని అవిన్యోన్‌లో ఒక గురువు దగ్గర మొదలుపెట్టాడు కానీ అది సాగలేదు. చదవడం రాకపోయినా ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకునేవాడట. మన నాయనమ్మ రాసిన తెలుగు ఉత్తరాన్ని చదవలేక ముట్టుకుని చూసే మనవలు ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ లోటు ఎలా ఉంటుందో ఆయనకూ తెలుసు.

ముసలితనంలో పాదువా ప్రభువు ఇచ్చిన స్థలంలో, ఆర్క్వా అనే కొండ పల్లెలో ఇల్లు కట్టుకుని 1370లో చేరాడు. ఆ ఏడాదే వీలునామా రాశాడు. పేదరికంలో ఉన్న బొకాచియోకు, చలికాలం రాత్రుళ్ళు చదువుకునేటప్పుడు కప్పుకోవడానికి మంచి వస్త్రం కొనుక్కోమని 50 బంగారు ఫ్లోరిన్లు రాసిపెట్టాడు. 1374 జులై 18 రాత్రి తెల్లవారేలోగా పోయాడు. ఇంకొక్క రోజు ఉంటే 70 నిండేవి. చివరి నెలల్లో కూడా ఆ టస్కన్ పద్యాల వరుసను మారుస్తూనే ఉన్నాడు. మొత్తం 366 పద్యాలు, అందులో 317 సానెట్లు. ఆర్క్వా చర్చి ముందు ఎర్రరాతి సమాధి ఇప్పటికీ ఉంది. ఊరి పేరు కూడా ఇప్పుడు ఆర్క్వా పెట్రార్కా.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1470లో వెనిస్‌లో ఆ పద్యాలు అచ్చయ్యాయి. 1525లో పియెత్రో బెంబో అనే పండితుడు, ఇటాలియన్‌లో కవిత్వం రాయాలంటే పెట్రార్క్‌ను, వచనం రాయాలంటే బొకాచియోను చూసి నేర్చుకోవాలని వాదించాడు. సాహిత్య ఇటాలియన్ ఆ దారిలోనే స్థిరపడింది. స్పెయిన్‌లో గార్సిలాసో, ఫ్రాన్స్‌లో రోన్సార్, పోర్చుగల్‌లో కామోయిష్, ఇంగ్లండ్‌లో థామస్ వైయట్ తమ తమ భాషల్లో ఆ సానెట్‌ను అందుకున్నారు. 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ 154 సానెట్లకు మూలం ఇక్కడే ఉంది. పరాయి ఊళ్ళో ఒక ఇంట్లో మాత్రమే వినిపించిన మాటలు ఇంత దూరం వెళ్ళాయి.

మా ఊళ్ళో ఆదివారం తెలుగు తరగతికి నేను కొన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఏటా పేర్లు రాయించుకునే రోజున ఎవరో ఒకరు అడుగుతారు. ఇది కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తుందాండీ అని. అడిగేది పిల్లలు కాదు, పెద్దలు. దానికి నా దగ్గర సూటి జవాబు లేదు. ఉన్నదల్లా సెర్ పెట్రాకో కథే. ఆయన కొడుక్కి ఇవ్వాలనుకున్నది లాయరు చదువు. దానికోసం డబ్బు పెట్టాడు, పుస్తకాలు తగలబెట్టాడు. ఆ చదువు కొడుక్కి అంటలేదు. ఇవ్వాలని అనుకోకుండా ఇచ్చింది ఒకటుంది. పరాయి దేశంలో రోజూ ఇంటికొచ్చి భార్యతో, పిల్లలతో తన ఊరి భాషలో మాట్లాడడం. పైసా ఖర్చు లేని ఆ మాటలే కొడుకు పేరును ఇప్పటిదాకా మోసుకొచ్చాయి. మన పిల్లలు కవులు కావాలని నేననడం లేదు. వాళ్ళకు ఏ మాటలు ఏ రోజున అక్కరకొస్తాయో మనకు తెలియదు. ఈ రాత్రి భోజనానికి పిలిచేటప్పుడు తెలుగులో పిలవండి, చాలు.